పచ్చదనానికి కొలమానం

తెలుగులో తోట అనే మాటా ఉంది, అడవి అనే మాటా ఉంది. రెండింటిలోనూ ఉండేవి చెట్లే. అయినా ఏ పల్లెటూరి పిల్లవాడూ ఒకదానిని చూసి మరొకటని భ్రమపడడు. మనిషి నాటినది తోట. తనంత తాను పుట్టి పెరిగినది అడవి. మన ప్రబంధాలలోని అష్టాదశ వర్ణనలలో ఉద్యానవర్ణన ఒకటి. ఉద్యానం వేరు, అరణ్యం వేరు అన్న ఎరుక ఆ కవులకు స్పష్టంగా ఉండేది. ప్రాచీన కావ్యాలు బోధించే నాకు గ్రంథస్థంగా తెలిసిన ఈ భేదం, బొగ్గుగనుల నేల మీద మరింత లోతుగా బోధపడింది.

నేను నివసించే ఎలమంచిలి చెన్నై-హౌరా రైలుమార్గం మీది ఊరు. బొగ్గు నింపుకొన్న గూడ్సుబండ్లు మా స్టేషను మీదుగా సాగిపోతూంటాయి. విశాఖ ఓడరేవుకూ, ఉక్కు కర్మాగారానికీ, విద్యుత్కేంద్రాలకూ బొగ్గుతో ఉన్న బంధం మా ప్రాంతంవారికి కొత్త కాదు. అయితే బొగ్గు వెలికితీసిన నేల ఏమవుతుందో ఇక్కడినుంచి కనిపించదు. దానిని చూడాలంటే గోదావరి లోయకు వెళ్లాలి.

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. భూగర్భ గనులతో ఆరంభమైన సింగరేణిలో 1975లో ఓపెన్‌కాస్టు గనులు ప్రవేశించాయి. ఈ పద్ధతిలో ముందు అడవిని తొలగిస్తారు. తరువాత పైమట్టినీ, దాని కింది రాతిపొరలనూ తవ్వి గుట్టలుగా పోస్తారు. ఆ గుట్టలలో రాయే ఎక్కువ, సారం తక్కువ. నీరు నిలువదు. వేసవిలో నిప్పులా కాలుతుంది. అటువంటి చోట మొక్క బతకడమే ఒక తపస్సు.

ఆ తపస్సు ఫలించిందో లేదో ఎవరో ఒకరు తేల్చవలసి ఉంటుంది. 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలనీ, అందుకు కావలసిన సొమ్మును ఎస్క్రో ఖాతాలో జమచేయాలనీ నిర్దేశించింది. పని జరిగినట్లు రుజువైతేనే ఆ సొమ్ము విడుదలవుతుంది. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు మరొక మెట్టు ముందుకు వేసి, తవ్విన నేలలో తిరిగి గడ్డి మొలిపించి, దానిని పశుగ్రాసానికీ వృక్షజంతుజాలానికీ యోగ్యంగా తీర్చాలన్న షరతును గనుల లీజులలో చేర్చవలసిందిగా ఆదేశించింది. కాబట్టి పచ్చదనాన్ని కొలవడం కేవలం శాస్త్రజ్ఞుల వేడుక కాదు. అది ఒక బాకీ తీరిందా లేదా అని లెక్క చూడడం.

కొలిచే మార్గాలలో మొదటిది ఆకాశమార్గం. ఆకులోని పత్రహరితం సూర్యకాంతిలోని ఎరుపును పీల్చుకుంటుంది. మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని ఆకు చాలావరకు తిప్పికొడుతుంది. ఉపగ్రహం ఈ రెండింటినీ గ్రహిస్తుంది. రెండింటి భేదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ అనే సూచిక. ఉదాహరణకు, ఒకచోట పరారుణం నూటికి 50 వంతులు, ఎరుపు 10 వంతులు తిరిగివచ్చాయనుకుందాం. 40ని 60తో భాగిస్తే సుమారు 0.67, అంటే దట్టమైన పచ్చదనం. బోడినేల మీద అవి 30, 20 అయితే సూచిక 0.2 మాత్రమే. ఏటా ఒకే ఋతువులో తీసిన చిత్రాలను పోల్చితే గుట్ట పచ్చబడుతున్నదో ఎండుతున్నదో తెలుస్తుంది. ఋతువు మారితే లెక్క తప్పుతుంది. మాఘఫాల్గుణాలలో ఆకు రాల్చిన టేకు చచ్చినట్లు కాదు కదా!

ఎంత పచ్చన అని చెప్పగల ఈ సూచిక, ఏది పచ్చన అని చెప్పలేదు. వయ్యారిభామ పేరు ఎంత సొంపుగా ఉన్నా పశువు ముట్టని కలుపుమొక్క. అదీ పచ్చనే. సర్కారు తుమ్మా పచ్చనే. వరుసలు తీర్చి నాటిన నీలగిరీ పచ్చనే.

అందుకే రెండవ మార్గం కాలినడక. కొత్తగూడెం సమీపాన ఒక పాత మట్టిగుట్ట మీద, వృక్షశాస్త్రం బోధించే మిత్రునితో ఒక పూట గడిపాను. ఆయన పది మీటర్ల చదరాన్ని తాడుతో గుర్తించి, అందులోని ప్రతి చెట్టునూ లెక్కపెట్టాడు. రొమ్ము ఎత్తున, అంటే 1.37 మీటర్ల వద్ద, కాండం చుట్టుకొలత తీశాడు. లోపల ఒక మీటరు చదరంలో గడ్డినీ మొలకలనూ వేరువేరుగా రాసుకున్నాడు. చెట్లన్నీ ఒకే ఈడువి, వరుసలో నిలిచినవి. ఒక మూల మాత్రం జానెడు తునికి మొక్క కనిపించింది. మిత్రుడు చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. "దీనిని ఎవరూ నాటలేదు. పిట్టో, గబ్బిలమో పండు తిని గింజను తెచ్చి వేసింది. అడవి తిరిగివచ్చే దారి ఇదే" అన్నాడు.

తునికి ఆకూ ఇప్పపువ్వూ ఏరుకొని బతికిన కోయ కుటుంబాలకు ఆ మొక్క విలువ ఎవరూ బోధించనక్కరలేదు. పోయినది వారి అడవి. దాని స్థానంలో ఒక తోటను చూపి, సూచిక 0.67 వచ్చింది గనుక బాకీ తీరిందనడం న్యాయం కాదు. అలాగని నాటినవారి శ్రమను తీసిపారేయడమూ తగదు. నీడనిచ్చే తోట లేనిదే ఆ పిట్ట అక్కడ వాలేది కాదు.

మీరు ఎక్కడైనా మొక్కలు నాటిన నేలను చూసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. నాటినవాటిలో బతికినవి ఎన్ని? బతికినవాటిలో జాతులు ఎన్ని? ఎవరూ నాటకుండా మొలిచినవి ఎన్ని? మొదటి ప్రశ్నకు సమాధానం రెండు మూడేళ్లలో దొరుకుతుంది. మూడవదానికి ఒక తరం పట్టవచ్చు. అప్పుడు తాడు పట్టుకొని లెక్కపెట్టవలసినవారు మీరే.