మోకాలు కూడా అమానతే

నరసరావుపేట సమీపంలోని ఒక మదర్సాలో నేను బోధన ప్రారంభించి పాతికేళ్ళు దాటింది. నాపరాళ్ళు పరచిన నేలపై చాప వేసుకుని, కాళ్ళు మడిచి కూర్చుని పాఠం చెప్పడం మా పద్ధతి. ఆ నేలపైనే ఒకనాడు నా కుడి మోకాలు నాకు ఎదురు తిరిగింది.

దాని మూలం నా ఇరవై ఆరో ఏట ఉంది. విద్యార్థులతో కబడ్డీ ఆడుతుండగా పాదం నేలపై నిలిచిపోయి, దేహం పక్కకు తిరిగింది. ఆ తర్వాత మోకాలు వాచి, మడిచిన చోటే బిగుసుకుపోయేది. గుంటూరులో వైద్యులు పరీక్షించి, మెనిస్కస్ చిరిగిందని చెప్పి, చిరిగిన భాగాన్ని తీసివేశారు. కొద్ది వారాల్లోనే నడిచాను. నొప్పి పోయింది కనుక వ్యాధి కూడా పోయిందనుకున్నాను.

ప్రతి మోకాలిలోనూ తొడ ఎముకకూ, కాలి ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో రెండు మృదులాస్థులుంటాయి. దేహభారం ఒకేచోట పడకుండా విస్తరింపజేయడం వాటి పని. బయటి అంచుకు తప్ప లోపలి భాగానికి రక్తప్రసరణ ఉండదు. అందుకే అక్కడి చిరుగు సాధారణంగా అతుక్కోదు. ఒకప్పుడు కొందరు వైద్యులు దీనిని పనికిరాని శేషంగా భావించి పూర్తిగా తీసివేసేవారు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ వైద్యుడు అటువంటి మోకాళ్ళ ఎక్స్‌రేలను పరిశీలించి, కీలు సందు ఇరుకవడం, ఎముక అంచు పెరగడం వంటి మార్పులను చూపాడు. సృష్టికర్త దేనినీ వ్యర్థంగా అమర్చలేదని వైద్యశాస్త్రం ఆలస్యంగా గ్రహించింది.

యాభై ఏళ్ళు సమీపించేసరికి మెట్లు దిగడం కష్టమైంది. 'గుజ్జు అరిగిపోయింది' అని మనవారు చెప్పుకునే స్థితి అదే. తీసిన భాగం తిరిగి రాదనీ, మిగిలిన కీలును మాత్రం కాపాడుకోవచ్చనీ వైద్యుడు చెప్పాడు.

సజ్దా చేసే ఏడు అవయవాలలో మోకాళ్ళు రెండూ ఉన్నాయి. వ్యాధిగ్రస్తుడైన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కి దైవప్రవక్త (స) నిలబడి నమాజ్ చేయమని, వీలుకాకుంటే కూర్చుని, అదీ వీలుకాకుంటే పక్కకు ఒరిగి చేయమని బోధించారు. ఏటా ఈ హదీసును విద్యార్థులకు చెప్పే నేనే, మస్జిదులో కుర్చీ తీసుకోవడానికి రెండేళ్ళు సిగ్గుపడ్డాను. పంటి బిగువున నేలకు వంగేవాణ్ణి. మనస్సు మాత్రం అల్లాహ్‌పై కాక మోకాలిపై ఉండేది. దానిని భక్తి అనుకున్నాను. నిజానికి అందులో అధికభాగం అహం.

ఇప్పుడు నొప్పి లేని రోజున నేలపైనే సజ్దా చేస్తాను. వాపు ఉన్న రోజున కుర్చీపై, రుకూ కంటే సజ్దాకు మరికొంత ఎక్కువగా వంగుతాను. పాఠం బల్ల వద్ద చెబుతున్నాను. వుజూకు ఎత్తైన పీట వేసుకుంటాను. తెల్లవారుజామున చదునైన బాటపై నడుస్తాను. వెల్లకిలా పడుకుని, కాలు చాపి పైకెత్తే వ్యాయామం తొడ కండరాన్ని బలపరచింది. కొంత బరువు తగ్గాను. కిలో తగ్గితే అడుగడుగునా మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందట.

ఆ మధ్య మా విద్యార్థి ఒకడికి ఆటలో ఇదే గాయమైంది. "త్వరగా తీసివేయించేద్దాం హజ్రత్, పిల్లవాడి చదువు పోతోంది" అన్నాడు అతని తండ్రి.

"భాయ్, తీసివేయడానికి తొందరపడకండి. కుట్టు వేయడానికి వీలుందేమో ముందు అడగండి" అన్నాను.

చిరుగు బయటి అంచున ఉన్నందున కుట్టు వేశారు. నెలల తరబడి విశ్రాంతి అవసరమైంది. ఆటకు దూరమైనందుకు అబ్బాయి నాపై అలిగాడు కూడా. అయినా అతని మోకాలిలో ఆ నెలవంక నిలిచింది.

ఇప్పుడు జొహర్ వేళ నాకు కుర్చీ తెచ్చి వేసేది అతడే. నేను నిస్సంకోచంగా కూర్చుంటున్నాను. అల్లాహ్ మనకిచ్చిన ప్రతి అవయవమూ అమానతే. దానిని కాపాడుకునే వివేకాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.