సొంత ఫోనే... అయినా లోపలికి రానివ్వదు!

ఫోను కొని ఆరేడేళ్లయింది. కంపెనీ అప్‌డేట్లు ఎప్పుడో ఆపేసింది. అయినా బాగానే పనిచేస్తోంది. పారేయడానికి మనసొప్పదు. అలాంటివాళ్లు కొందరు 'లీనియేజ్ ఓఎస్' ఎక్కించుకుంటారు. 2016 డిసెంబరులో సయనోజెన్‌మాడ్ మూతపడినప్పుడు, ఆ పనిని స్వచ్ఛందంగా కొనసాగించిన ప్రోగ్రామర్లు తెచ్చిన వ్యవస్థ ఇది. చిప్ కంపెనీలు ఇవ్వాల్సినవి తప్ప, ఆండ్రాయిడ్ భద్రతా ప్యాచ్‌లు మళ్లీ అందుతాయి. ఫోనుకు రెండో జన్మే!

ఆ సంబరంతో బ్యాంకు యాప్ తెరిస్తే... 'ఈ ఫోనులో పనిచేయదు' అంటుంది. ఫోను తనది, ఖాతా తనది, అందులో డబ్బూ తనదే. ఊళ్లో ఉన్న అమ్మకు వెయ్యి రూపాయలు పంపడానికి మాత్రం వీల్లేదు!

ఎందుకిలా? ఫోను నమ్మదగిందేనా అని చాలా యాప్‌లు గూగుల్ వారి 'ప్లే ఇంటిగ్రిటీ'ని అడుగుతాయి. గూగుల్ ధ్రువీకరించిన సాఫ్ట్‌వేర్ కాకపోతే మార్కులు పడవు.

బ్యాంకు భయమూ కొట్టిపారేయలేనిదే. బూట్‌లోడర్ తాళం తీసి ఉంటే, ఫోను చేతికి చిక్కినవాడు సాఫ్ట్‌వేర్‌నే మార్చేయొచ్చు. రూట్ చేసిన ఫోనులో దొంగ యాప్ చేరితే పిన్ కూడా లాగేస్తుంది.

చిక్కల్లా ఇంకోచోట ఉంది. ఏళ్లుగా ప్యాచ్ మొహం చూడని ఫోను కూడా, కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని కదపలేదు కాబట్టి మామూలు పరీక్షలో గట్టెక్కేస్తుంది. ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో అత్యున్నత స్థాయి దక్కాలంటే ఏడాదిలోపు ప్యాచ్ ఉండాలని గూగుల్ 2025లో నిబంధన పెట్టింది. అయితే ఏ స్థాయి అడగాలన్నది యాప్‌వాళ్ల ఇష్టం.

మధ్యేమార్గం లేకపోలేదు. పిక్సెల్ ఫోన్లలో నడిచే 'గ్రాఫీన్ ఓఎస్' ఎక్కించాక బూట్‌లోడర్‌కి మళ్లీ తాళం వేయొచ్చు. అది అసలుదేనని ఆండ్రాయిడ్‌లోని హార్డ్‌వేర్ ధ్రువీకరణే చెబుతుంది. దాని కీ వివరాన్ని బ్యాంకులు తమ జాబితాలో చేర్చుకుంటే సరి.

అంతవరకూ ఏం చేయాలి? పరీక్షను ఏమార్చే చిట్కాల జోలికి వెళ్లొద్దు. వాటిలో చాలావాటికి రూట్ కావాలి, ఉన్న రక్షణా పోతుంది. పాత ఫోను పాటలకీ పుస్తకాలకీ ఉంచుకుని, లావాదేవీలు వేరే ఫోనులో చేసుకోవడం మేలు. అత్యవసరమైతే బ్యాంకులో నమోదైన నంబరు నుంచి *99# ఉండనే ఉంది.

పరీక్ష వద్దని ఎవరూ అనరు. ఇంటాయనెవరో, దొంగెవరో తేల్చగలిగితే చాలు.