రఘునాథపల్లికి రెండు ఉత్తరాలు

హైదరాబాద్

అన్నకు,

పొద్దుగాల నువ్వు రైలెక్కించి పోయినంక తిన్నగా బంజారాహిల్స్ చేరిన. రోడ్డు నంబర్ 12లో ‘మనం చాక్లెట్’ కార్ఖానా చూసిన. 2023లో చైతన్య ముప్పాల తెరిచిన్రు. గింజ వేయించుడు, నూరుడు, పట్టీ పోసుడు అన్నీ ఇక్కడ్నే. గింజలు పశ్చిమ గోదావరి దిక్కువి. మరుసటేడే టైమ్ పత్రిక ప్రపంచంల చూడదగిన చోట్లల్ల దీన్ని చేర్చింది. చాలా సంతోషమైంది.

రైల్లో ఫ్రాన్సు మెనియే కంపెనీ చరిత్ర చదివిన. 1816లో పారిస్‌లో మందులు చేసేటాయన పెట్టిండు. చేదు మాత్రల మీద పూతకే ఆయనకు చాక్లెట్ కావాల్సొచ్చింది. 1825లో మార్న్ నది ఒడ్డున న్వాజియెల్‌లో నీటి మర సంపాదించిండు. 1836కు పసుపు కాగితం చుట్టిన పట్టీ వచ్చింది. కొడుకు ఎమిల్ జస్టిన్ మందుల పని వదిలి, నికరాగ్వాలో కోకో తోటలే కొన్నడు. 1872లో నది మీదనే ఇనుప చట్రం మర లేపిండు, తర్వాత పనోళ్లకు ఊరే కట్టించిండు. 1988లో కంపెనీ నెస్లే చేతికి పోయింది. ఎమిల్ కాలంల తోట, మర, పేరు ఒక్క ఇంటివే. అంత పెరగడానికి అదే కారణమని నాకనిపిస్తది.

తాడికలపూడి, ఏలూరు జిల్లా

అన్నా,

కొబ్బరి నీడల కోకో చెట్లు చూడాలె నువ్వు. కాయలు మొద్దుకే కాస్తయి. పగలగొడితే తెల్ల గుజ్జు, పుల్లగ తియ్యగ ఉంటది. చాక్లెట్ వాసన కొంచెం గూడ ఉండదు.

ఆ వాసన పుట్టేది కట్టె పెట్టెల్ల. ‘మనం’కు గింజ తయారుచేసే ‘డిస్టింక్ట్ ఆరిజిన్స్’ వాళ్లు రైతుల కాడ పచ్చి గింజ కొని, గుజ్జుతోనే పెట్టెల్ల పోస్తరు. దగ్గర నిలబడితే మన ఈతవనంల ఎండపూట కల్లు పులిసిన వాసనే! గింజ వేడెక్కి 50 డిగ్రీల దగ్గరికి పోతది, మొలకెత్తే గుణం చస్తది. మధ్యమధ్య తిరగేస్తరు. వారం లోపల దించి, తేమ 7 శాతానికి వచ్చేదాక ఎండబెడతరు. ఈ పులియబెట్టుడు చెడితే తర్వాత ఏ మర బాగుచెయ్యలేదు.

దేశంల కోకో ఎక్కువ పండేది ఆంధ్రలోనే. ధర మాత్రం లండన్, న్యూయార్క్ మార్కెట్లది. 2024లో టన్ను 10,000 డాలర్లు దాటింది. మరుసటేడు పడిపోతే ఇక్కడి రైతులు రోడ్డెక్కిన్రు. పత్తి బస్తాలేసుకొని జనగామ మార్కెట్ల నిలబడే నీకు ఆ బాధ నేను చెప్పాల్నా? ఈ పెట్టెలు రైతుల సంఘాల చేతిలోనే ఉండాలె అంట నేను. రుచి తయారయ్యే కాడ రైతు ఉండాలె.

రేపు ద్వారకా తిరుమల దర్శనం చేసుకొని ఏలూరుల రైలెక్కుత. వదినెను అడిగినట్టు చెప్పు.

నీ తమ్ముడు