నాలుగో గేరులో ఆగిన మోత

"న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలెయ్యండి బాబాయ్. రేసు ఇవ్వొద్దు" అన్నాడు మేస్త్రీ. బానెట్ ఎత్తలేదు, బండి కింద దూరలేదు. డ్రైవరు తలుపు పక్కన నిలబడి విన్నాడంతే. సీటు కిందినుంచి గరగరమని ఒక మోత. "ఇప్పుడు క్లచ్ తొక్కండి." మోత ఆగిపోయింది. తర్వాత తనే స్టీరింగ్ పట్టుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండిని విజయవాడ రోడ్డు ఎక్కించాడు. ఒకటి, రెండు, మూడు గేర్లలో మోత వెంటే వచ్చింది. నాలుగు వేయగానే పోయింది. ఐదులో మళ్ళీ మొదలు. "లే షాఫ్టు బేరింగులు పోయాయి సార్" అన్నాడు బండి వెనక్కి తిప్పుతూ.

ఈ రకం ఐదు గేర్ల పెట్టెలో నాలుగోది డైరెక్టు గేరు. ఇంజను ఎంత తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టూ అంతే తిరుగుతుంది. కిందనుండే లే షాఫ్టు అప్పుడూ తిరుగుతుంది గానీ దాని మీద భారం పడదు. మిగతా గేర్లన్నిట్లో ఇంజను బలం ఆ షాఫ్టు మీదుగా వెళ్ళాల్సిందే. న్యూట్రల్‌లో క్లచ్ తొక్కితే అది ఆగిపోతుంది, దాంతోపాటే మోతా ఆగుతుంది. క్లచ్ తొక్కినప్పుడే మోత మొదలైతే మాత్రం అనుమానించాల్సింది రిలీజ్ బేరింగును. అది మారిస్తే పోయేదానికి గేర్‌బాక్స్ మొత్తం విప్పించుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్ళున్నారు. రెండు నిమిషాలు చెవిపెట్టి వింటే తేలే విషయమిది.

ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై మైలవరం, తిరువూరు, భద్రాచలం మీదుగా ఛత్తీస్‌గఢ్ దాటి ఉత్తరాఖండ్ దాకా పోయే 30వ నంబరు జాతీయ రహదారి పక్కన, తిరువూరులో ఉంది ఈ షెడ్డు. తిరువూరు 2022 నుంచీ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఊరు దాటి కాస్త ముందుకెళ్తే తెలంగాణ, ఖమ్మం జిల్లా. షెడ్డుకి రెండు వైపుల నుంచీ బళ్ళు వస్తాయి. ఆ రోజు గుంట మీద నిలబడింది పాత ఫోర్‌వీలు బొలేరో. ఓనరు గంపలగూడెం వైపు మామిడి రైతు. సీజన్లో కాయల ట్రేలు, మిగతా రోజుల్లో ఎరువు బస్తాలు, పైపులు, కూలీలు, అన్నీ ఇందులోనే. ఆయన చెప్పిన ఫిర్యాదులు ఇంకో రెండు: రెండో గేరు కిర్రుమంటేనేగానీ పడదు, దిగుడులో యాక్సిలరేటరు వదిలితే మూడో గేరు దానంతటదే న్యూట్రల్‌కి వచ్చేస్తోంది. దిగుడులో గేరు వదిలేస్తే ఇంజను పట్టు పోతుంది, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఆ బండిలో కూలీలు కూర్చుని ఉంటారు. అందుకే ఈ పనిని నేను చిన్న రిపేరు అనుకోను.

బండి వేడిగా ఉండగానే ఆయిలు దించారు. మేస్త్రీ దాన్ని వెడల్పాటి పళ్ళెంలో పట్టించి వెలుతురులోకి తెచ్చాడు. నల్లగా చిక్కగా ఉండాల్సిన ఆయిలు బూడిదరంగు మజ్జిగలా ఉంది. "నీళ్ళు పోయాయి. వాగులో దింపారా?" అడిగాడు. రైతు తలూపాడు. తోటమూల, వినగడప మధ్య కట్టలేరు పొంగితే చప్టా మునిగిపోతుంది. నీరు కాస్త తగ్గగానే దాటేశాడట. వేడెక్కిన పెట్టె చన్నీళ్ళలో దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. గాలిగొట్టం నుంచీ, అరిగిన సీళ్ళ నుంచీ నీటిని లోపలికి లాక్కుంటుంది. బేరింగులకు అక్కణ్ణుంచే చేటు మొదలైంది. మేస్త్రీ ఆయిల్లో వేలు ముంచి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య రుద్ది నాకు చూపించాడు. పసుపుపచ్చటి సన్నటి మెరుపులు. అవి గేర్లు కిర్రుమనకుండా పడేలా చూసే సింక్రో రింగుల నుంచి రాలిన పొడి. డ్రెయిన్ బోల్టు పక్కన ఉక్కు ముక్కలు కూడా రెండు దొరికాయి. అయస్కాంతం పెడితే అవి అంటుకున్నాయి, పసుపు పొడి అంటలేదు.

ఇక దించడం. బ్యాటరీ వైరు తీశారు. క్యాబిన్‌లోంచి రెండు లీవర్లూ ఊడదీశారు, ఒకటి గేర్లది, ఒకటి ఫోర్‌వీలుది. ప్రొపెల్లర్ షాఫ్టులు ముందొకటి, వెనకొకటి. ఫ్లాంజీలు విప్పేముందు కుర్రాడు సుత్తీ పంచూ తీసుకుని రెంటి మీదా గుర్తులు కొట్టాడు. తిరిగి బిగించేటప్పుడు అదే వరసలో కూర్చోకపోతే స్పీడులో బండి వణుకుతుంది. సుద్దతో గీసే షెడ్లూ చూశాను, డీజిలు తగిలితే ఆ గీత ఉండదు. ఇంజను ఆయిల్ సంపు కింద చెక్క పెట్టి జాకీతో ఎత్తిపట్టారు. క్రాస్ మెంబరు తీశాక, గేర్‌బాక్స్ వెనక బిగించి ఉండి బలాన్ని ముందు చక్రాలకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసును ముందు విడదీశారు. పెట్టె వెనక్కి జరుగుతుండగా మేస్త్రీ గొంతు పెంచాడు: "ఒరేయ్, వాలనీకు! తిన్నగా లాగు!" పెట్టె బరువు షాఫ్టు మీద వేలాడితే క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగిపోతుంది. అలా వంగిందని బిగించాక గానీ తెలియదు.

మూత విప్పాక మూడో గేరు పళ్ళు నా వేలితో తడిమి చూశాను. గేరును షాఫ్టుతో కలిపే స్లీవును పట్టి ఉంచే ఆ చిన్న పళ్ళ అంచులు పదునుగా, లోపలికి కాస్త ఏటవాలుగా ఉండాలి. ఆ వాలే స్లీవును జారనివ్వదు. ఇక్కడ గుండ్రంగా నున్నబడిపోయాయి. స్లీవును జరిపే ఫోర్కు ఒక పక్క అరిగి మెరుస్తోంది. "చెయ్యి గేరు రాడ్డు మీదే పెట్టి నడుపుతారు కదా బాబాయ్?" అన్నాడు మేస్త్రీ. ఆ చేతి బరువు ఫోర్కును నిత్యం స్లీవుకేసి ఒరిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడేం చేయాలన్నది పెద్ద ప్రశ్న. 70 కిలోమీటర్లకు పైన ఉన్న విజయవాడ ఆటోనగర్‌లో పాత బొలేరో గేర్‌బాక్స్ దొరకడం కష్టం కాదు. కానీ దొరికేవి ఎక్కువగా వెనక చక్రాలకే బలం అందే టూవీలు బళ్ళవి. ముందుభాగం ఒకటే, వెనకభాగం వేరు. ట్రాన్స్‌ఫర్ కేసు కూర్చోవడానికి మెయిన్ షాఫ్టు కొస, వెనక హౌసింగు ఫోర్‌వీలువే కావాలి. కొందరు ఆ తంటా ఎందుకని ఫోర్‌వీలు తీసేసి మామూలు బండి చేసేస్తారు. వానాకాలం తోటలో బురద తొక్కాల్సిన మనిషికి అది అన్యాయం. మేస్త్రీ ఎంచుకున్న దారే నాకు సరైనదనిపించింది: మంచి టూవీలు పెట్టె ఒకటి తెచ్చి, విప్పి, అందులోని గేర్లు, లే షాఫ్టు, ఫోర్కులు తీసుకోవడం. మెయిన్ షాఫ్టు, వెనక హౌసింగు పాతవే కొలిచి, బాగుంటేనే ఉంచడం. బేరింగులు, సింక్రో రింగులు, సీళ్ళు మాత్రం కొత్తవి. తెచ్చిన పెట్టెను విప్పకుండా బిగించడానికి ఆయన ఒప్పుకోలేదు. వేరేవాళ్ళ బండిలోంచి అది ఎందుకు దిగిందో మనకు తెలియదు కదా.

పెట్టె కిందుండగానే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు మధ్యలోని పైలట్ బేరింగు మార్చారు. వీటి కోసం మళ్ళీ దించాల్సి వస్తే కూలీ రెండింతలు. ప్లేటును నడిమధ్యకు తేవడానికి పనికిరాని ఇన్‌పుట్ షాఫ్టు ఒకటి షెడ్డులో దాచుకున్నారు. ఆయిలు విషయంలో కంపెనీ పుస్తకంలోని గ్రేడే పోశారు. డబ్బా మీద పెద్ద నంబరుంటే మంచిదని జీఎల్-4 కావాల్సిన చోట జీఎల్-5 పోసేవాళ్ళున్నారు. అందులోని గంధకపు మందులు కొన్ని పసుపు లోహాన్ని తింటాయి. పైగా జారుడు ఎక్కువై సింక్రో పట్టదు.

చివరికి గాలిగొట్టానికి ఆయిలు తట్టుకునే రబ్బరు పైపు తగిలించి, ఇంజను వెనక గోడ మీదికి ఎత్తి క్లిప్పులు వేశారు. ఇక వాగు దాటినా ఆ దారిన నీళ్ళు పోవు. తారురోడ్డు మీద ఫోర్‌వీలు వేయొద్దని, వేస్తే ముందు వెనక చక్రాల తిప్పుళ్ళు కలవక పెట్టె బిగుసుకుంటుందని మేస్త్రీ రెండుసార్లు చెప్పాడు. మొదటి వెయ్యి కిలోమీటర్లకే ఆయిలు దించి చూడాలన్నాడు. రైతు డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, అరిగిన గేర్లను గోనెసంచిలో వేయించుకుని, లీవరు మీద నుంచి చెయ్యి తీసి స్టీరింగు పట్టుకున్నాడు.