పక్కకు తప్పుకోలేని బండి

పిల్లలూ! మీలో చాలామంది రైలు ఎక్కే ఉంటారు. కాని రైలును తీరిగ్గా చూసినవారు ఎందరు? చాలా స్టేషన్లలో బండి ఆగేది రెండు నిమిషాలు. ఆ కాస్తలోనే మన పెట్టె వెతుక్కోవాలి, సామాను ఎక్కించాలి, చోటు చూసుకోవాలి. ఇక చక్రం ఎట్లా ఉన్నదో, పెట్టెకూ పెట్టెకూ నడుమ వేలాడే గొట్టం ఎందుకో చూడటానికి వ్యవధి ఏదీ? అందుకే కొన్ని బడులలో పంతుళ్ళు పిల్లలను రైలు మ్యూజియంకు తీసుకుపోతారు. అక్కడ రైళ్ళు కదలకుండా నిలబడి ఉంటాయి. వాటి చుట్టూ ఎంతసేపైనా తిరిగి చూడవచ్చు.

మన దేశంలో ఇటువంటి వాటిలో పేరుమోసినది దిల్లీలో, చాణక్యపురిలో ఉన్నది. దాని పేరు జాతీయ రైలు మ్యూజియం. దానిని 1977 ఫిబ్రవరి 1 న తెరిచారు. సోమవారం సెలవు. మిగిలిన రోజుల్లో బారులు తీరిన బడిపిల్లలు అక్కడ కనిపిస్తూనే ఉంటారు. రండి, మనమూ ఒకసారి చూసి వద్దాం.

మన దేశంలో ప్రయాణికుల బండి మొదటిసారి నడిచింది 1853 ఏప్రిల్ 16 న. బొంబాయిలోని బోరీబందరు నుంచి ఠాణాకు, 34 కిలోమీటర్లు. పద్నాలుగు పెట్టెలు, సుమారు నాలుగు వందల మంది ప్రయాణికులు. లాగడానికి మూడు ఎంజిన్లు: సాహిబ్, సింధ్, సుల్తాన్. మూడేళ్ళు తిరిగేసరికి, 1856 జూలై 1 న, మద్రాసులోని రాయపురం నుంచి ఆర్కాటు వైపు దక్షిణాదిలో మొదటి బండి నడిచింది. 1874 లో నైజాం రైల్వే వాడి నుంచి సికిందరాబాదుకు వచ్చింది. ఆ రైల్వే జ్ఞాపకం ఒకటి ఈ మ్యూజియంలో ఉన్నది. అది 1914 లో తయారైన మంటలార్పే బండి. జాన్ మోరిస్ అనే ఇంగ్లీషు కంపెనీ చేసినది. ఒకప్పుడు సికిందరాబాదులో పనిచేసిన ఆ ఎర్రబండిని చూస్తే, మనూరి చుట్టాన్ని దూరదేశంలో కలుసుకున్నట్టుంటుంది!

రాజుల పెట్టెలు కూడా ఇక్కడ ఉన్నాయి. వేల్సు యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఆయన కోసం 1875 లో కట్టిన పెట్టె ఒకటి. మైసూరు మహారాజు కోసం 1899 లో కట్టినది మరొకటి. కాని పిల్లలు ఎక్కువసేపు నిలబడి చూసేది పటియాలా ఒంటిపట్టా బండిని. దీనికి పట్టా ఒకటే! ఆ పట్టామీద చిన్న చిన్న చక్రాలు నడుస్తాయి. బండి ఒరిగిపోకుండా రెండోవైపు ఒక పెద్ద ఇనపచక్రం మామూలు రోడ్డుమీదనే దొర్లుతుంది. బరువులో ఎక్కువభాగం పట్టామీదే ఉంటుంది. 1907 నుంచి 1927 దాకా ఇది పటియాలా సంస్థానంలో నడిచింది. మొదట్లో దీనిని కంచరగాడిదలు లాగేవి.

అంత బరువును కంచరగాడిదలు ఎట్లా లాగినవి? గట్టి ఇనపచక్రం గట్టి పట్టామీద దాదాపు నలగకుండా సులభంగా దొర్లుతుంది కాబట్టే. ఇక ఉక్కుకు పట్టు ఎంతో తెలుసుకోవాలంటే మీరు ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక స్టీలు పళ్ళెం తీసుకుని దానిలో ఒక స్టీలు చెంచా, పెన్సిలు రాత చెరిపే రబ్బరు ముక్క పక్కపక్కన పెట్టండి. పళ్ళాన్ని ఒక పక్క మెల్లిమెల్లిగా పైకి ఎత్తండి. ముందు ఏది జారింది? చెంచా! రబ్బరు ఇంకా పళ్ళాన్ని పట్టుకునే ఉంటుంది. బస్సు చక్రానికి ఉన్నది రబ్బరు. అది రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. రైలు చక్రం ఉక్కు, పట్టా కూడా ఉక్కే. ఉక్కుమీద ఉక్కుకు పట్టు తక్కువ. కాని గట్టి చక్రం గట్టి పట్టామీద సులభంగా దొర్లుతుంది కాబట్టి ఒక్క ఎంజిను వేల టన్నుల బరువును లాగగలుగుతుంది.

అయితే ఒక చిక్కు ఉన్నది. సులభంగా దొర్లేది సులభంగా ఆగదు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికి డ్రైవరు ఉన్నపళాన బ్రేకు వేసినా, అది ఆగేలోపల సుమారు ఒక కిలోమీటరు దాకా పోతుంది. మ్యూజియంలో ఏ ఎంజిను దగ్గరైనా సరే, వంగి చక్రం లోపలివైపు చూడండి. గుండ్రటి అంచు ఒకటి కనిపిస్తుంది. చక్రం పట్టా దిగిపోకుండా కాపాడేది ఆ అంచే. అది రైలును పట్టామీదనే నడిపిస్తుంది. అంటే ఎదురుగా ఎవరున్నా పక్కకు తప్పుకోలేదు.

మరి రైలును ఆపడం మనుషులు ఎట్లా నేర్చుకున్నారు? ఆ కథ కొంచెం బాధగానే ఉంటుంది. 1889 జూన్ 12 న ఐర్లండులో ఆర్మా అనే ఊరి నుంచి ఒక ఆదివారపు బడి పిల్లలు, వారి పెద్దలు సముద్రపుటొడ్డుకు విహారయాత్ర బయలుదేరారు. దారిలో పెద్ద మిట్ట వచ్చింది. ఎంజిను అన్ని పెట్టెలను లాగలేకపోయింది. బండిని రెండు ముక్కలు చేసి, ముందు ముక్కను పైకి చేర్చి రావాలని పెద్దలు అనుకున్నారు. ఆ రోజుల్లో అక్కడి బ్రేకు ఎంజినుతో కలిసి ఉన్నంతసేపే పనిచేసేది. విడిపోగానే వెనక పెట్టెలకు మిగిలింది చేతితో తిప్పే బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్ళూ మాత్రమే. అవి ఆపలేకపోయినవి. పెట్టెలు పల్లంలోకి దొర్లిపోయి, వెనక వస్తున్న మరో బండిని ఢీకొన్నాయి. సుమారు 80 మంది చనిపోయారు. వారిలో పిల్లలు చాలామంది.

ఆ ఏడాదే బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసింది. ప్రయాణికుల బండి ప్రతి పెట్టెకూ తనంతట తానే పట్టుకునే బ్రేకు ఉండి తీరాలన్నది. పెట్టెల నడుమ వేలాడే గొట్టాలను గురించి మొదట చెప్పుకున్నాం కదా? ఇప్పటి బండ్లలో వాటిలో గాలిని అదిమి నింపి ఉంచుతారు. పెట్టె ఊడినా, గొట్టం తెగినా గాలి బయటికి పోతుంది. గాలి పోగానే అన్ని పెట్టెల చక్రాలకూ బ్రేకులు పట్టుకుంటాయి. మీ పెట్టెలోని గొలుసు లాగినా జరిగేది ఇదే. ఈసారి ఆ గొట్టాన్ని చూసినప్పుడు ఆర్మా పిల్లలను ఒక్కసారి తలుచుకోండి.

ఇంత బ్రేకు ఉన్నా, దాని శక్తికి ఒక హద్దు ఉన్నది. ఈ మ్యూజియం దాచిన వస్తువులలో ఒక ఏనుగు పుర్రె ఉన్నది. 1894 లో ఆ ఏనుగు ఒక మెయిలు బండి మీద తలపడింది. పాపం, ఓడిపోయింది! అడవికే పెద్దదైన ఏనుగు గతే అదయితే, పట్టామీద నిలబడిన మనిషి సంగతి వేరే చెప్పాలా?

మన దగ్గర కూడా ఒక దుఃఖదినం ఉన్నది. 2014 జూలై 24 న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలాలేని క్రాసింగులో, బడి బస్సును రైలు ఢీకొన్నది. పుస్తకాల సంచులతో బయలుదేరిన పిల్లలు ఎందరో ఇళ్ళకు తిరిగి రాలేదు. 2019 జనవరి నెలాఖరుకు దేశంలోని బ్రాడ్ గేజి దారులన్నిటిలోనూ కాపలాలేని క్రాసింగులు లేకుండా చేశారు. ఇప్పుడు గేటు ఉన్నది, కాపలా ఉన్నది. వేసిన గేటు కింద నుంచి దూరిపోయేవారిని మాత్రం ఏ గేటు కాపాడుతుంది?

బండి దూరంగానే ఉన్నది కదా అని కళ్ళను నమ్మవద్దు. పెద్ద వస్తువు ఎదురుగా వస్తుంటే అది నిదానంగా వస్తున్నట్టు కంటికి భ్రమ కలుగుతుంది. చెవులనూ నమ్మవద్దు. బొగ్గు ఎంజిను ఊరంతా వినబడేటట్టు బుసకొట్టేది. కరెంటు ఎంజినుకు అంత చప్పుడు ఉండదు. చెవిలో పాటలు పెట్టుకున్నవాడికి అదీ వినబడదు. ఆగివున్న పెట్టెలమీదికి ఎన్నడూ ఎక్కవద్దు. పైనున్న తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. ప్లాట్‌ఫారంమీద పసుపు గీతకు ఇవతలే నిలబడండి. అవతలి ప్లాట్‌ఫారంకు పోవాలంటే వంతెన ఎక్కి పోండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. నాలుగు మెట్లు ఎక్కడానికి బద్ధకించి, పిల్లవాడి చెయ్యి పట్టుకుని పట్టాలు దాటించే తండ్రి, ఆ క్షణంలో వాడికి ఒక పాఠం చెబుతున్నాడు. రేపు వాడు ఒంటరిగా వచ్చినప్పుడు ఆ పాఠాన్నే ఒప్పజెబుతాడు.

దిల్లీ దూరమయితే విచారించనక్కరలేదు. మద్రాసులో పెరంబూరు పెట్టెల కర్మాగారం దగ్గర ఒక రైలు మ్యూజియం ఉన్నది, మైసూరులో మరొకటి ఉన్నది. అదీ వీలుకాకపోతే, ఎన్నో పెద్ద స్టేషన్ల ముందు పాత ఎంజిన్లను నిలబెట్టి ఉంచారు. మీ పంతులుగారిని అడిగి అందరూ కలిసి వెళ్ళండి. వంగి చక్రం అంచును వెతకండి, గొట్టం ఎక్కడ తగిలించారో చూడండి. అది చూసిన తరువాత గేటు ఎందుకు వేస్తారో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. రైలు తప్పుకోలేదు, తప్పుకోగలిగింది మనమే.