న్యూమార్కెట్టులో ఒక గుఱ్ఱపు వీపు

మా రెండవ అమ్మాయి పురుటికై 2023 మార్చి నెలలో నేను ఇంగ్లండు దేశమునకు వెళ్లి, ఆరు మాసము లుండి వచ్చితిని. అచ్చటి కోటలను గూర్చియు, రాజమందిరములను గూర్చియు వ్రాయుదునని సోదరీమణులు తలంతురేమో. నేను తనివిదీర చూచినది ఒక గుఱ్ఱపు వీపు మాత్రమే. కావున దానిని గూర్చియే వ్రాయుచున్నాను.

మా అల్లుడు కేంబ్రిడ్జిలో ఉద్యోగి. వారి కాపురము ఆ నగరమునకు తూర్పుగా పదుమూడు మైళ్ల దూరమున నున్న న్యూమార్కెట్టు దాపున నొక పల్లెలో. న్యూమార్కెట్టు చిన్న పట్టణమే గాని, పందెపు గుఱ్ఱముల వారికి అది కాశీక్షేత్రము వంటిది. మొదటి జేమ్సు రాజు 1605లో వేటకై వచ్చి అచ్చటి బయళ్లను జూచి మురిసిపోయెనట. ఆయన మనుమడు రెండవ చార్లెసు తానే గుఱ్ఱమెక్కి పందెములలో పాల్గొనెను. నేడును అచ్చట రమారమి మూడువేల గుఱ్ఱములు శిక్షణ పొందుచున్నవి. ఉదయము లేచి చూతుమా, మన యూళ్లలో ఆవులమంద పోవునట్లు వీధి ప్రక్కన గుఱ్ఱములు బారులుదీరి పోవుచుండును. వానికి వేరుగ బాటలు గలవు. అవి రోడ్డు దాటుచోట మోటారులను నిలుపు మీటను, జీనుపై కూర్చున్నవారి చేతికందునంత ఎత్తున గూడ అమర్చినారు. నేను మునివ్రేళ్లపై నిలిచి చేయి చాచి చూచితిని, అందలేదు.

వారెన్ హిల్ అను పచ్చని మిట్టపై గుఱ్ఱములు పరుగెత్తుచుండగా చూచుటకు ఎందరో వత్తురు. అది సుద్దనేల, వాన నీరు నిలువదు. మెత్తని పచ్చికపై ఆ డెక్కల చప్పుడు దూరమున దంపుడు వినబడినట్లుండును. చూడ సొంపుగనే యున్నది. కాని ఆ జంతువులలో పెక్కింటికి రెండేండ్ల వయసుననే పందెములు మొదలగునని, వెన్నుపూసలు ముదురుటకు మాత్రము అయిదారేండ్లు పట్టునని వినినప్పటినుండి నాకా సొంపు సగమైపోయినది. పందెములు మానిన పిమ్మట వాని గతి యేమి? చార్లెసు రాజు కట్టించిన మేడలో మిగిలిన భాగమున 2016లో ఒక ప్రదర్శనశాలను తెరచినప్పుడు, అట్టి గుఱ్ఱములకు క్రొత్త పని నేర్పు దొడ్డిని గూడ నెలకొల్పిరి. అన్నింటికిని అట్టి భాగ్యము పట్టదు గదా.

మా అమ్మాయి పొరుగింటి దొరసాని యొద్ద అట్టి గుఱ్ఱమొకటి యుండెను. ముదురు గోధుమవన్నె, పదునొకండేండ్ల వయసు. పందెముల పట్టీలో దాని పేరు జానెడు పొడుగున నుండెడిదట. ఇంటిలో మాత్రము టామీ. ఆమెకు అరువదియెనిమిది యేండ్లు, విధవరాలు. క్రిందటి యేడు తుంటికీలు అరిగిపోగా వైద్యులు తీసివేసి లోహపు కీలు పెట్టిరి. ఇక గుఱ్ఱమెక్కరాదని కట్టడి చేసిరి. సరిగా ఆ దినములలోనే టామీ జీను బిగింపబోవగా పండ్లు కొఱుకుట, వీపు ముట్టినంతనే క్రుంగిపోవుట మొదలిడెను.

పశువైద్యురాలు ఎక్సురే తీసి చూపినది. గుఱ్ఱమునకు ఱొమ్ము వెన్నులో పదునెనిమిది పూసలు గలవు. ఒక్కొక్క పూసపైని ముల్లువలె నొక ఎముక నిలిచి యుండును. ముల్లునకును ముల్లునకును నడుమ ఎడముండవలయును. టామీకి జీను పడుచోట నాలుగు ముండ్లు ఒకదాని నొకటి ఒరసికొనుచున్నవి. ఆంగ్లమున దీనికి ముద్దులాడు ముండ్లని పేరట! పేరు పెట్టినవాడు ఆ బాధ నెరుగడు.

ఇక హితవు చెప్పువారికి కొదువ యేమి? ఎక్కుటకు పనికిరాని గుఱ్ఱము, ఎక్కలేని యజమానురాలు. కొనువారు లేరు. గడ్డికి, లాడములకు, దొడ్డికి సొమ్ము కావలెను. సూదిమందుతో నొప్పి లేకుండ నిద్రపుచ్చుటయే దయయని ఆమె కుమారుడే చెప్పెను. సెప్టెంబరులో తాను వచ్చి చూచెదననియు, చలికాలము రాక పూర్వమే తేల్చుకొనవలెననియు వ్రాసెను. ఆమె వైద్యురాలినడిగిన ప్రశ్న యొక్కటే: "ఎక్కకుండ బాగుచేయ వీలుండదా?" ఉండునని ఆమె చెప్పినది. ముండ్ల చెంత సూదిమందు వేసి, నొప్పి తగ్గిన దినములలో వీపును పైకెత్తు కండలను పెంచవలెననియు, తొలుత మీద బరువు లేకుండుటయే మేలనియు, అయితే నెలల తరబడి విడువక చేయవలెననియు చెప్పినది.

కఱ్ఱ యూతతో నడచు మనిషికి త్రాడు పట్టుకొనుటకు ఇంకొకరు కావలెను. మధ్యాహ్నము మనుమరాలు నిద్రించు వేళ నాకు పని లేదు. అట్లు నేను చిక్కితిని! గుఱ్ఱముతో నాకు గల పరిచయమంతయు చిన్ననాటి రాజమహేంద్రవరపు జట్కాబండ్లదే. "అమ్మా, కొంచెము ముందుకు జరుగుడు, అయ్యా, మీరు వెనుకకు" అని బండివాడు మమ్ములను మాటిమాటికి సర్దుచుండెడివాడు. ఇరుకునకు విసుగుకొనుటయే గాని, ఆ సర్దుబాటు నొగల బరువు గుఱ్ఱపు వీపుపై పడకుండుటకని అరువదేండ్లు దాటిన పిమ్మట న్యూమార్కెట్టులో తెలిసికొంటిని.

ఆమె నేర్పిన క్రమమిది. మొదట పది నిమిషములు తిన్నగా నడిపించుట. చిన్న చుట్లు త్రిప్పకూడదు. ఒడలు వేడెక్కిన తరువాత క్యారెట్టు ముక్క చూపి, మెడ వంచి ఱొమ్ము దాకను, ముంగాళ్ల మోకాళ్ల నడుమకును, ఇంకను క్రిందికి చీలమండలవరకును గడ్డము తెప్పించుట. పిమ్మట ఇరుప్రక్కల డొక్కవైపునకు. అందిన చోట కొన్ని క్షణములు నిలుపవలెను, లాగరాదు. ఇది పిల్లల యాట వలె కనబడినది. కాని 2011లో వెలువడిన పరిశోధనలో ఎనిమిది గుఱ్ఱములచే వారమునకు అయిదు దినముల చొప్పున మూడు నెలలు ఇట్లు చేయింపగా, వెన్నుపూసలను అంటియుండు లోతుకండలు పెరిగినవని తేలినది. ఆ తరువాత ముంగాళ్ల వెనుక ఱొమ్మెముకను వ్రేళ్లతో నొక్కుదుము. వీపు తనంతట తానే పైకి లేచును. పిమ్మట నేలపై దుంగలను మూడడుగులకు కొంచెము తక్కువ ఎడముగా పరచి, వానిని దాటించుట. గుఱ్ఱమునకు మెడయెముక క్రింద మనవలె జత్రువులు లేవు. ముంగాళ్ల నడుమ దేహమంతయు కండల ఉయ్యాలలో వ్రేలాడును. ఆ ఉయ్యాల బిగిసినగాని వీపు లేవదని ఆమె నాకు తన శాలువతోనే చేసి చూపెను.

జూను నెలలో ఒక పొరపాటు జరిగినది. కుమారుని జాబు వచ్చిన మరునాడు ఆమె తొందరపడి, తల క్రిందికి వంగుటకై కళ్లెమును వారులతో బిగించి త్రిప్పెను. టామీ మెడ వంచెను గాని వీపు పల్లపు పడినది. వెనుకకాళ్లతో కంచె తన్ని పగులగొట్టెను. వారము దినములు బిఱ్ఱబిగిసి పోయెను. ఆమె కంచె పైని చేయి వైచి, "నేనెక్కియున్న పండ్రెండేండ్లలో ఎన్ని గుఱ్ఱముల కిట్లు చేసితినో! పైనుండి నాకు చెవులు మాత్రమే కనబడుచుండెను" అనెను. మరల మొదటి పది నిమిషముల నడకకు దిగితిమి.

పెరుగుట కంటికి తెలియదు. అందులకై ఆమె వంగినట్లెల్ల నిలుచు నొక రబ్బరు బద్దను వీపునకు అడ్డముగ నొత్తి, ఆ వంపును కాగితముపై గీసి తేదీ వేయుచుండెను. రవికకు కొలత తీసినట్లే! మార్చి గీత తాటాకు ఇంటికప్పు వలె కొననిక్కి యుండెను. మే గీతయు దాదాపు అంతే. ఆగస్టు గీత బోర్లించిన చట్టివలె గుండ్రనయ్యెను. అప్పటికి రెండు పొడుగు పగ్గములతో వెనుక నిలిచి, సందులోని చిన్న యెగుడుదారి వెంట నడిపించుచుంటిమి. ఆమె కఱ్ఱను ఎప్పుడు ఇంటిలో మఱచుట మొదలుపెట్టెనో మేమిరువురమును గమనింపలేదు.

సెప్టెంబరులో మరల ఎక్సురే తీసిరి. ముండ్ల యెడము పెరుగలేదు. పెరుగదని వైద్యురాలు ముందే చెప్పియుండెను. నొక్కి చూచినపుడు మాత్రము గుఱ్ఱము క్రుంగలేదు. కుమారుడు వచ్చి ఎక్సురేనే చాలసేపు చూచెను. తల్లి మారు పలుకక గీతల కాగితము లారును బల్లపై వరుసగా పరచెను. అతడు ఒక్కొక్కటియే చూచి, "దీనిపై ఇంక ఎవరైన ఎక్కగలరా?" అని యడిగెను. "నాకు ఎక్కవలసిన పని లేదు" అని ఆమె యనెను. అతడు కొంత తడవూరకుండి, చలికాలపు గడ్డి వెల యెంతయని యడిగెను.

నేను బయలుదేరు దినమున త్రాడు అతని చేతిలోనే పెట్టి, పిడికిటికి చుట్టుకొనవలదని చెప్పి వచ్చితిని. మా అమ్మాయి నెలనెలయు ఆ క్రొత్త గీతను నాకు పంపుచున్నది. డిసెంబరులో గీత కొంచెము దిగినది. నేల గడ్డకట్టి రెండు వారములు నడక సాగలేదట. వానినన్నింటిని పిల్లల రవికల కొలతల కాగితములతో కలిపి బీరువాలో దాచుచున్నాను.