ఇంకా పదేళ్ల సర్వీసుంది

1993 జూన్. వేసవి సెలవులయ్యాక కోర్టులు తెరిచారు. నా డిగ్రీ ఫలితాలు అప్పటికి వచ్చాయో లేదో ఇప్పుడు గుర్తులేదు. "బీఈడీ చెయ్యి, డీఎస్సీ రాయి, నెల తిరిగేసరికి జీతం" అన్నది నాన్న మాట. ఆయన బడిపంతులు. నాకేమో నల్లకోటు మీద మనసు.

కావలిలో తెలిసిన ప్లీడరు గారి దగ్గరికి నాన్నే తీసుకెళ్లారు, నా మనసు మారుస్తారేమోనని. ఆయన చదవమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "ఒక నెల వచ్చి కూర్చోమ్మా. కోటు సంగతి తర్వాత" అన్నారు.

కూర్చున్నాను. ఆఫీసు నిండా జిగురు, పాత కాగితం, గుమాస్తా గారి నశ్యం కలిసిన వాసన. కోర్టుకు వెళ్తే వాదనలు వినబడతాయనుకున్నాను. వినబడినవి వాయిదాలు. బంట్రోతు పేరు పిలవడం, కక్షిదారు పరుగెత్తుకు రావడం, మళ్లీ ఇంకో తేదీ. వకాల్తా మీద స్టాంపు ఎక్కడ అంటించాలో, కట్టకు నాడా ఎలా బిగించాలో గుమాస్తా గారే నేర్పారు. "అయ్యగారికి సెక్షన్లు తెలుసు, ఏ కట్ట ఎక్కడుందో నాకు తెలుసు" అనేవారు.

నెల్లూరు జిల్లాలో సారా మీద ఆడవాళ్లు తిరగబడి అప్పటికి ఏడాది కావస్తోంది. కేసులు పడ్డవాళ్లు కొందరు ఆఫీసుకు వచ్చేవాళ్లు. ఒకామెకు చార్జిషీటు చదివి చెప్పమన్నారు ప్లీడరు గారు. కొట్టు మీద పడి సారా ప్యాకెట్లు పాడుచేసిందని ఉంది అందులో. ఆమె ముఖం నాకు గుర్తులేదు. చేతిలో బస్సు టికెట్టు మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ ఉండటం గుర్తుంది. అంతా విని, "నా మొగుడు తాగొచ్చి చేసింది ఇందులో యాడుంది పాపా?" అంది. వెనక పేజీలో ఉంటుందేమోనని నిజంగానే తిరగేసి చూశాను.

ఆ అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. అప్పటికి నేను లా కాలేజీలో ఉన్నాను. ఆమె కేసు ఏమైందో కనుక్కోలేదు.

లాలో ఎందుకు చేరావని అడిగిన వాళ్లకు ఇన్నేళ్లూ ఆమె ప్రశ్నే చెబుతూ వచ్చాను. సభల్లో చప్పట్లు కూడా కొట్టారు. చెప్పకుండా దాటేసింది ఇంకొకటుంది. అదే ఆఫీసులో ఒక జూనియరు ఉండేవారు. కోటు వేసుకుని ఏళ్లు గడిచినా, టీ వేళకు గుమాస్తా గారి జేబు వైపు చూసేవారు. ఆ సంగతి రాత్రి నాన్నకు చెప్పాను.

"అయితే ఎన్నాళ్లు పోషించాలి నిన్ను?"

"అయిదారేళ్లు పట్టేట్టుంది."

నాన్న కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "సరే. నాకింకా పదేళ్ల సర్వీసుంది" అన్నారు.

నిర్ణయం జరిగింది అప్పుడు. ఆ పదేళ్లు లేకపోతే, ఆమె ప్రశ్న ఎంత కదిలించినా నేను బీఈడీలోనే చేరేదాన్ని.

జూనియర్లుగా చేరతామని ఇప్పుడు నా దగ్గరికి పిల్లలు వస్తుంటారు. న్యాయం గురించి చాలా మాట్లాడాలని ఉంటుంది. ముందు మాత్రం ఇంట్లో ఎవరిదైనా జీతం వస్తోందా అని అడుగుతాను. లేదంటే, మొదటి నెల నుంచి ఎంత ఇవ్వగలనో కాగితం మీద రాసిస్తాను.